బలవంతపు ఈత పరీక్ష: కుంగుబాటు పరిశోధనలో జంతు నమూనాలపై ఒక విమర్శ

కుంగుబాటు లక్షణాలు, నిర్ధారణ ప్రమాణాలు, చికిత్సా పద్ధతులు మీరు ముందరి పాఠాల్లో చదివారు. మందుల ప్రస్తావన వచ్చిన చోటల్లా "జంతువులపై జరిపిన ప్రయోగాల్లో తేలింది" అనే మాట మీకు ఒకటికి నాలుగుసార్లు తగిలే ఉంటుంది. ఏ జంతువు? దాన్ని ఏం చేశారు? అది ఏం చేస్తే 'తేలింది' అన్నారు? పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగవు, ముందుకు వెళ్ళిపోతాయి. మనం ఆగుదాం. జంతు నమూనాలు చాలా ఉన్నాయి. అన్నిటినీ తడమకుండా, ఎక్కువగా వాడుకలో ఉన్న ఒక్క పరీక్షను తీసుకుని దాన్నే వివరంగా పరిశీలిద్దాం. మిగిలినవి సందర్భాన్ని బట్టి వస్తాయి.

1977లో రోజర్ పోర్సోల్ట్ అనే శాస్త్రవేత్త, ఫ్రాన్స్‌లో ఒక ఔషధ సంస్థ ప్రయోగశాలలో పనిచేస్తూ, సహచరులతో కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. ప్రయోగం సులువైనది. నిలువుగా ఉన్న గాజు సిలిండర్‌లో నీరు పోసి ఎలుకను వదులుతారు. గోడ ఎక్కి బయటపడే వీలు దానికి ఉండదు. మొదటి రోజు 15 నిమిషాలు. ఎలుక ఈదుతుంది, గోడలు గీరుతుంది, మునిగి అడుగున దారి వెతుకుతుంది. కాసేపయ్యాక ముక్కు నీటిపైన నిలవడానికి ఎంత కావాలో అంతే కదులుతూ తేలుతుంది. 24 గంటల తర్వాత మళ్ళీ 5 నిమిషాలు వదులుతారు. ఈసారి ఇంకా త్వరగా ఆగిపోతుంది. అలా కదలకుండా తేలిన సెకన్లను లెక్కిస్తారు. రెండు ఈతల మధ్య ఇమిప్రమిన్ వంటి మందు ఇస్తే ఆ సెకన్లు తగ్గుతాయి. చిట్టెలుకలకైతే ఒకే ఈత, 6 నిమిషాలు. అందులో చివరి 4 నిమిషాలే లెక్కలోకి వస్తాయి. 1985లో వచ్చిన మరో పరీక్షలో నీటి అవసరం కూడా లేదు. చిట్టెలుకను తోకతో 6 నిమిషాలు వేలాడదీసి, అది గింజుకోవడం మానిన సమయాన్ని లెక్కిస్తారు.

ఇంతవరకు చెప్పింది పరిశీలన. దీనిపై ఎవరికీ తగవు లేదు. తగవు పేరు దగ్గర మొదలవుతుంది. ఆగి తేలడానికి పోర్సోల్ట్ పెట్టిన పేరు 'ప్రవర్తనాత్మక నిరాశ'. ఇక తప్పించుకోలేనని జంతువు ఆశ వదులుకుందని ఆయన వ్యాఖ్యానం. పరిశీలనకు, వ్యాఖ్యానానికి మధ్య ఉన్న తేడా పరిశోధనా పద్ధతుల పాఠంలో మొదటి రోజే చెబుతారు. కానీ ఒక పరిశీలనకు ఆకట్టుకునే పేరు పెడితే ఆ తేడా ఎంత తొందరగా చెరిగిపోతుందో చూడండి. నిరాశ అన్న మాట రోగికి చెందినది. దాన్ని ఎలుకకు అంటించాం. తర్వాత ఎలుకలో దాన్ని 'కనుక్కుని' మళ్ళీ రోగి దగ్గరికి తెచ్చాం.

చెరువులో ఈత నేర్చిన పిల్లవాణ్ణి అడగండి, మధ్యలో రొప్పు వస్తే ఏం చేస్తావని. వెల్లకిలా పడుకుని తేలతానంటాడు. వాడు నిరాశపడ్డాడని మనం అనం, తెలివైనవాడంటాం. మొదటి రోజు ఎలుక తెలుసుకున్నదేమిటి? గోడలు ఎక్కడానికి పనికిరావు, అడుగున దారి లేదు, కాసేపటికి ఒక చెయ్యి వచ్చి బయటికి తీస్తుంది. రెండో రోజు శక్తి వృథా చేసుకోకుండా తేలడం ఆ అనుభవానికి తగిన ప్రవర్తనే. డచ్ శాస్త్రవేత్తలు మొలెన్‌డైక్, డి క్లూట్ 2015లో గట్టిగా వాదించింది ఇదే: ఆ నిశ్చలత పరిస్థితికి సర్దుబాటు, కుంగుబాటు కాదు. దీనికి అంతకు ముందే ఒక ఆధారం ఉంది. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలు రెండో రోజు అంతగా ఆగిపోవని, ఆ గ్రంథి హార్మోన్ తిరిగి ఇస్తే మళ్ళీ ఆగిపోతాయని 1980లలోనే చూపించారు. ఒత్తిడి హార్మోన్ పాఠాన్ని గుర్తుపెట్టుకోవడానికి తోడ్పడుతోందన్న మాట. అంటే ఈ పరీక్ష కొలుస్తున్నది జ్ఞాపకాన్ని కూడా కావచ్చు.

ఇప్పుడు నిర్ధారణ ప్రమాణాలను ఒకసారి గుర్తు చేసుకోండి. తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు, కనీసం రెండు వారాల పాటు ఉండాలి. ఆ తొమ్మిదిలో అపరాధ భావం ఉంది, తాను పనికిరానివాణ్ణనే భావన ఉంది, చావు గురించిన ఆలోచనలు ఉన్నాయి. వీటిని ఎలుకలో వెతకడం కుదరదని ఎవరైనా ఒప్పుకుంటారు. నిద్ర, ఆకలి, ఇష్టమైన వాటిపై ఆసక్తి తగ్గడం వంటివి కొంతవరకు కొలవవచ్చు. ఈత పరీక్ష వీటిలో ఏదీ కొలవదు. రెండు వారాలెక్కడ, నాలుగు నిమిషాలెక్కడ? పైగా ఈ పరీక్షకు తెచ్చే ఎలుక ఆరోగ్యంగా ఉన్న ఎలుక. దానికి ముందునుంచీ ఏ జబ్బూ లేదు. జబ్బు లేని జంతువుకు మందిచ్చి, మందు పనిచేసిందంటున్నాం.

ఈ పరీక్షను సమర్థించేవారికి ఇవన్నీ తెలుసు. వారి జవాబు వేరు. "ఇది కుంగుబాటును పోలి ఉందని మేము అనడం లేదు. పనిచేసే మందుల్ని పనిచేయని వాటినుంచి వేరు చేస్తుంది, అది చాలు" అంటారు. 1984లో పాల్ విల్నర్ జంతు నమూనాల సప్రమాణతను మూడు రకాలుగా విడదీశాడు: పోలికలో సప్రమాణత, నిర్మాణంలో సప్రమాణత, అంచనాలో సప్రమాణత. మొదటి రెండూ వదులుకున్నా మూడోది మాకుందని వీరి వాదం. వాదం తెలివైనదే. దాన్ని పరిశీలించాలంటే కుంగుబాటు మందులు అసలు ఎలా దొరికాయో తెలియాలి.

మొదటి రెండు మందులూ ఎలుకల దగ్గర దొరకలేదు. ఇప్రోనయజిడ్ క్షయ మందు. 1950ల మొదట్లో న్యూయార్క్ సీ వ్యూ ఆసుపత్రిలో దాన్ని తీసుకున్న క్షయ రోగులు ఉత్సాహంగా మారడం వైద్యుల కళ్ళబడింది. ఇమిప్రమిన్‌ను స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ మొదట స్కిజోఫ్రీనియా రోగులకు ఇచ్చి చూశాడు. వారికి పనిచేయలేదు. కుంగుబాటు రోగులకు ఇస్తే పనిచేసింది. 1957లో ఆ సంగతి ప్రకటించాడు. రెండు చోట్లా మందును పట్టుకున్నది రోగి ముఖాన్ని శ్రద్ధగా చూసిన వైద్యుడు.

ప్రయోగశాల జంతువులు ఆ తర్వాత వచ్చాయి. ఇక్కడ మన దేశానికి ఒక సంబంధం ఉంది. మన సర్పగంధ వేరుతో రక్తపోటు తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. ఆ వేరునుంచి తీసిన రిసర్పిన్ ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. అది తీసుకున్న కొందరు రక్తపోటు రోగులు కుంగిపోయారని వైద్యులు రాశారు. జంతువులకిస్తే అవి కనురెప్పలు వాల్చి, ముడుచుకుని, కదలకుండా కూర్చున్నాయి. మెదడులో సెరొటోనిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాల నిల్వలు ఖాళీ అయినట్టు తేలింది. ఇమిప్రమిన్ ముందుగా ఇస్తే ఆ మత్తు రాలేదు. దాంతో రిసర్పిన్ మత్తును ఆపే రసాయనమేదైనా కుంగుబాటు మందు కావచ్చని ఔషధ సంస్థలు వెతకడం మొదలుపెట్టాయి. అలా వెతికితే ఏం దొరుకుతుంది? ఇమిప్రమిన్ లాంటివే దొరుకుతాయి.

ఈత పరీక్షలోనూ ఇదే చిక్కు. జల్లెడ కన్నులు కందిగింజ కొలతకు చేయించి, అందులో కందులే నిలిచాయి కాబట్టి జల్లెడ గొప్పదంటే ఎలా? ఉన్న మందులకు స్పందించింది కాబట్టి పరీక్షను అంగీకరించారు. పరీక్షలో నెగ్గింది కాబట్టి కొత్త మందును అంగీకరిస్తున్నారు. ఆ జల్లెడ కూడా సరిగ్గా పనిచేయలేదు. ఫ్లూఆక్సెటిన్ తరహా మందులు, అంటే సెరొటోనిన్‌పై మాత్రమే పనిచేసేవి, ఇవాళ లోకంలో విరివిగా వాడుతున్నవి, మొదటి రూపంలోని ఈత పరీక్షలో సరిగా బయటపడలేదు. ఈతను, గోడ ఎక్కే ప్రయత్నాన్ని విడివిడిగా లెక్కించే పద్ధతి 1990లలో తెచ్చాక గానీ అవి కనిపించలేదు. మరోవైపు యాంఫెటమిన్, కెఫీన్ వంటి ఉత్ప్రేరకాలు ఇస్తే ఎలుక ఎక్కువసేపు కదులుతుంది. కాఫీ కుంగుబాటు మందైతే మన జిల్లాల్లో ఆ జబ్బే ఉండకూడదు. ఇంకొక సంగతి. రోగికి మందు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఎలుక ఒక్క రోజులో ఇచ్చిన రెండు మూడు మోతాదులకే 'కోలుకుంటుంది'. అంత తేడా ఉన్నప్పుడు రెండింటిలో జరుగుతున్నది ఒకే ప్రక్రియ అని ఎలా అంటాం?

జంతువుల్లో ఆశలు రేపి మనుషుల్లో తేలిపోయిన మందుల చరిత్ర కూడా చిన్నది కాదు. సబ్‌స్టెన్స్ పి అనే నాడీ రసాయనాన్ని అడ్డుకునే మందు కుంగుబాటుకు పనిచేస్తుందని 1998లో 'సైన్స్' పత్రికలో వచ్చినప్పుడు మా విభాగంలో కూడా దాని గురించే చర్చ. చివరి దశ మానవ పరీక్షల్లో అది ఉత్తుత్తి మాత్రను మించలేదు. అదే అప్రెపిటాంట్. ఇవాళ కేన్సర్ కీమోథెరపీలో వాంతులు ఆపడానికి వాడుతున్నారు, అక్కడ మంచి మందే. ఒత్తిడి హార్మోన్ల గొలుసును మెదడులోనే అడ్డుకునే మందులదీ అదే కథ: ఎలుకల్లో బాగున్నాయి, రోగుల్లో నిలవలేదు.

ఇక్కడ ఆపేస్తే ఏకపక్ష విమర్శ అవుతుంది. జంతువుల వల్ల మేలు జరగలేదని చెప్పడం అబద్ధం. పైన చెప్పిన రిసర్పిన్‌నే తీసుకోండి. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలకుండా చేసిన కుందేళ్ళకు ఎల్-డోపా ఇచ్చాడు. అవి లేచి తిరిగాయి. డోపమిన్ గురించిన అవగాహన, పార్కిన్సన్ వ్యాధికి ఇవాళ్టికీ మొదటి మందుగా ఉన్న చికిత్స అక్కడినుంచి వచ్చాయి. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కుంగుబాటు విషయంలోనే చూస్తే, ప్రసవానంతర కుంగుబాటుకు 2019లో అమెరికా అనుమతించిన బ్రెక్సనలోన్ వెనుక, ఎలుక మెదడు కణజాలంలో కొన్ని స్టిరాయిడ్లు ఎలా పనిచేస్తాయో 1986లో చూపిన పరిశోధన ఉంది. కెటమిన్ సంగతి ఇంకా చిక్కుగా ఉంటుంది. అది కొన్ని గంటల్లోనే కుంగుబాటును తగ్గిస్తుందని 2000లో రోగులపై జరిపిన చిన్న పరీక్షలో తెలిసింది. కానీ ఆ తరహా రసాయనాలు ఎలుకల నిశ్చలతను తగ్గిస్తాయని 1990లోనే ట్రుల్లాస్, స్కోల్నిక్ చూపించారు, అదీ ఈ పరీక్షల్లోనే. ఈత పరీక్ష పక్షాన చెప్పగలిగిన గట్టి మాట ఇదేనని నా అభిప్రాయం.

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడండి. కార్ల్‌సన్ కుందేలును 'పార్కిన్సన్ రోగి' అనలేదు. ఒక రసాయనం తగ్గితే ఏమవుతుంది, తిరిగి ఇస్తే ఏమవుతుంది అని అడిగాడు. ఆ ప్రశ్నకు కుందేలు జవాబు చెప్పగలదు. 'నీకు బతుకు మీద ఆశ ఉందా' అనే ప్రశ్నకు ఎలుక జవాబు చెప్పలేదు. జంతువు చెప్పగలిగిన జవాబుకు తగిన ప్రశ్న అడిగిన చోట ఫలితం వచ్చింది. మన మనసులోని మాటను దాని నోట పలికించాలని చూసిన చోట దారి తప్పాం.

దీనికి 'అభ్యసిత నిస్సహాయత' కంటే మంచి ఉదాహరణ లేదు. 1967లో సెలిగ్మన్, మేయర్ పెన్సిల్వేనియాలో కుక్కలకు తప్పించుకోలేని విద్యుత్ షాకులు ఇచ్చారు. తర్వాత తప్పించుకునే వీలు కల్పించినా చాలా కుక్కలు లేవకుండా భరిస్తూ పడుకున్నాయి. తమ చేతిలో ఏమీ లేదని అవి 'నేర్చుకున్నాయి' అన్నారు. మీ పాఠ్యపుస్తకంలో ఇప్పటికీ ఇలాగే ఉంది. కానీ ఆ ఇద్దరే 2016లో, నాడీ శాస్త్ర పరిశోధనల ఆధారంగా, అసలు సిద్ధాంతం తలకిందులుగా ఉందని రాశారు. దీర్ఘమైన బాధకు చేష్టలుడగడం సహజ ప్రతిస్పందన. దాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోవలసింది పరిస్థితి తన అదుపులో ఉందన్న సంగతి. తమ సిద్ధాంతాన్ని తామే తిరగరాసిన ఆ నిజాయితీని మెచ్చుకుంటాను. అయితే ఆ దిద్దుబాటుకు దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆ మొదటి మాట మీద ఆధారపడి ఎన్ని జంతువులకు షాకులు ఇచ్చి ఉంటారో ఆలోచించండి.

ఇక నైతికత. అధ్యయన కేంద్రాల్లో సంపర్క తరగతులు తీసుకునేటప్పుడు ఒక ప్రశ్న ప్రతి ఏడూ వచ్చేది: "సార్, మనిషి ప్రాణం ముఖ్యమా, ఎలుక ప్రాణం ముఖ్యమా?" అడిగినవారిలో నర్సులున్నారు, టీచర్లున్నారు, ఇంట్లో రోగి ఉన్నవారున్నారు. వారి ప్రశ్నలోని వేదనను నేను తేలికగా తీసుకోను. 2019లో ప్రపంచంలో సుమారు 28 కోట్ల మందికి కుంగుబాటు ఉండేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మొదట ఇచ్చిన మందుతో పూర్తిగా కోలుకునేవారు ఇంచుమించు మూడింట ఒక వంతు. మిగిలినవారికి కొత్త చికిత్సలు కావాలి, త్వరగా కావాలి. అయితే ఆ ప్రశ్న రావాలంటే ముందు ఎలుక ప్రాణం పోతే మనిషి ప్రాణం నిలుస్తుందని రుజువు కావాలి. రుజువు లేనప్పుడు తూకంలో ఒక పళ్ళెంలో ఎలుక ఉంది, రెండో పళ్ళెం ఖాళీ. అప్పుడు జంతు ప్రేమికుడు కానవసరం లేదు, రోగి తరఫున మాట్లాడేవాడు కూడా ఆ పరీక్షను వ్యతిరేకించాలి. తప్పుదారిన గడిచే ప్రతి ఏడూ రోగి ఖాతాలోంచే పోతుంది.

మరో చిక్కు తాత్త్వికమైనది. ఎలుక మనసు మన మనసుకు బొత్తిగా పోలిక లేనిదైతే దానితో కుంగుబాటును అధ్యయనం చేయడం వృథా. పోలిక ఉన్నదైతే, అది నిజంగా నిరాశ పడగలిగితే, దానికి ఉద్దేశపూర్వకంగా నిరాశ కలిగించే హక్కు మనకెలా వచ్చిందో చెప్పాలి. గుండె జబ్బు పరిశోధనలో ఈ చిక్కు ఇంత పదునుగా ఉండదు. అక్కడ బాధ ఒక దుష్ఫలితం. ఇక్కడ బాధే లక్ష్యం. ప్రయోగం విజయవంతమైందంటే జంతువు కుమిలిపోయిందని అర్థం. విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో 1970ల ఆరంభంలో కోతిపిల్లల్ని ఏటవాలు గోడలున్న లోహపు గదిలో ఒంటరిగా వారాల తరబడి ఉంచాడు. కొద్ది రోజుల్లోనే అవి ఎక్కడం మాని మూల ముడుచుకుపోయాయి. ఆ గదికి ఆయన పెట్టుకున్న పేరు 'నిరాశా కూపం'. తల్లి లేని ఒంటరితనం పసివాళ్ళను కుంగదీస్తుందని రెనె స్పిట్జ్ 1940లలోనే, జాన్ బౌల్బీ 1951లోనే, అనాథ శిశువుల్ని గమనించి రాశారు. హార్లో వస్త్రపు తల్లి ప్రయోగాలకు శిశు సంరక్షణలో విలువ ఉంది, దాన్ని కాదనను. ఈ కూపానికి మాత్రం నాకు సమర్థన కనబడదు.

దాంతో పోలిస్తే ఆరు నిమిషాల ఈత చిన్న బాధే. అందుకే అది ఇంతగా వ్యాపించింది. చవక, సులువు, ఒక్క పూటలో అంకెలు వస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల ఫార్మసీ కళాశాలల్లో కూడా ఈ గాజు సిలిండర్ కొత్త వస్తువు కాదు. ఏదో ఒక మొక్క ఆకు సారం తీస్తారు, చిట్టెలుకలకు పట్టిస్తారు, ఈదిస్తారు, నిశ్చలత కొన్ని సెకన్లు తగ్గిందంటారు, ఆ మొక్కకు కుంగుబాటును తగ్గించే గుణం ఉందని థీసిస్ ముగిస్తారు. ఆ మొక్క తర్వాత ఏ రోగి దగ్గరికీ వెళ్ళదు. విద్యార్థికి పట్టా వస్తుంది, ఎలుకలు చస్తాయి.

చట్టం లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ప్రయోగాల పర్యవేక్షణకు కేంద్ర కమిటీ ఉంది. 1998 నియమాల ప్రకారం ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ జంతు నైతిక సంఘం ఉండాలి, ప్రతి ప్రయోగానికీ దాని అనుమతి కావాలి. 1959లో రస్సెల్, బర్చ్ ప్రతిపాదించిన మూడు సూత్రాలు దీనికి పునాది: వీలైతే జంతువుకు బదులు వేరే పద్ధతి, లేకుంటే తక్కువ జంతువులు, ఉన్నవాటికి తక్కువ బాధ. ఒక సంస్థ సంఘంలో కొన్నాళ్ళు బయటి సభ్యుడిగా కూర్చున్నాను. దరఖాస్తులో 'ప్రత్యామ్నాయాలు ఉన్నాయా' అనే గడి ఒకటుంటుంది. నేను చూసిన కాగితాల్లో దాదాపు అన్నిటిలో ఒకటే మాట, 'లేవు'. ఎక్కడ వెతికారు అని అడిగితే గదిలో నిశ్శబ్దం. ఎలుకల సంఖ్య మీద అరగంట చర్చించేవాళ్ళం. ప్రశ్న సరైనదేనా అన్న దాని మీద అయిదు నిమిషాలు కూడా గడిపేవాళ్ళు కాదు.

బయట గాలి మారుతోంది. 2023లో బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘం ఈత పరీక్షను కుంగుబాటు నమూనాగా వాడరాదని చెప్పింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2024లో చట్టం చేసి నిషేధించింది. కొత్త మందుల పరీక్షలో జంతువులు లేని పద్ధతుల్ని అంగీకరిస్తూ మన దేశం కూడా 2023లో నియమాలు సవరించింది. మానవ మూలకణాలనుంచి పెంచిన నాడీకణాలు ఈ పద్ధతుల్లో ఒకటి. వాటి గురించి కూడా అతిగా చెప్పకూడదు. గాజు పళ్ళెంలోని కణాల ముద్దకు కుంగుబాటు రాదు, ఎలుకకు పెట్టిన పేరును రేపు దానికి పెట్టినా అదే పొరపాటు అవుతుంది.

మన దేశపు సమస్యను కూడా దాని చోట పెట్టి చూడాలి. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. వారికి కొరతగా ఉన్నది కొత్త అణువు కాదు, పలకరించే మనిషి. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన తీవ్ర కుంగుబాటు రోగులకు, వైద్యులు కాని స్థానిక సలహాదారులు శిక్షణ పొంది ఆరు నుంచి ఎనిమిది విడతల్లో సలహా చికిత్స అందించారు. మామూలు వైద్యం ఒక్కటే అందినవారి కంటే వీరు మెరుగయ్యారని విక్రం పటేల్ బృందం 2017లో 'లాన్సెట్'లో ప్రచురించింది. ఏ మందుకూ లొంగని రోగికి ఇది చాలదు, నిజమే. అతనికి ప్రయోగశాల కావాలి. ఆ ప్రయోగశాలలో అడిగే ప్రశ్న అతని జబ్బు గురించినదై ఉండాలి.

ఈ పాఠానికి అభ్యాసం ఒక్కటే ఇస్తున్నాను. ఈత పరీక్ష లేదా తోక పరీక్ష ఆధారంగా రాసిన ఏదైనా ఒక పరిశోధన వ్యాసం సంపాదించండి. ఎలుకల ఫలితాలు చెప్పే భాగంలో 'కుంగుబాటు', 'నిరాశ' అన్న మాటలు ఎక్కడ కనబడినా కొట్టివేసి, అక్కడ 'కదలకుండా ఉన్న సమయం' అని రాయండి. 'కుంగుబాటు మందు' అని ఉన్నచోట 'ఆ సమయాన్ని తగ్గించిన పదార్థం' అని రాయండి. తర్వాత రచయితల ముగింపును మళ్ళీ చదివి, అందులో ఏ వాక్యాలు ఇంకా నిలబడ్డాయో, ఏవి పడిపోయాయో, నిలబడినవాటి కోసం ఎన్ని జంతువులు వాడారో రెండు పేజీల్లో రాసి అధ్యయన కేంద్రంలో ఇవ్వండి.